రేకులు కొట్టడానికి హోండూరాస్ దాకా

సపోర్ట్ లెటర్ల కాలం వచ్చేసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బంధువులున్న సంఘస్థులకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు, ఈపాటికి మీ ఫోన్లలోనూ పడే ఉంటుంది. ఈ ఏడాది మా వంతుకి వచ్చింది ఫ్రిస్కోలో ఉంటున్న మా మేనకోడలి కొడుకు ఉత్తరం. "డియర్ తాతయ్యా" అన్నంతవరకే మనకి చెందిన ముక్క, తక్కినదంతా దొరల భాష. జూన్‌లో వాళ్ళ చర్చి యూత్ ఎనిమిది రోజులు హోండూరాస్ వెళ్తోందట. పేదలకి ఇల్లు కడతారట. స్థానికులతో కనెక్ట్ అవుతారట. తలకి రెండు వేల ఎనిమిది వందల డాలర్లట. నేను ప్రార్థనలోనూ, దేవుడు ప్రేరేపించినంత మేరకు ధనసహాయంలోనూ పాలుపంచుకోవచ్చునట. దేవుడి ప్రేరేపణ ఆలస్యమవుతుందేమోనని కింద క్యూఆర్ కోడ్ కూడా అచ్చేశారు.

ఒంగోలులో రిటైరైన బడిపంతులు తన పెన్షన్‌లోంచి కానుక తీసి, వెనకపెరట్లో ఈతకొలను ఉన్న ఇంటికి పంపాలి. ఆ ఇంటి పిల్లాడు దాన్ని విమానం ఎక్కించుకుని పోయి, హోండూరాస్‌లో పేదవాడికి ప్రేమ రూపంలో చెల్లించాలి. హవాలా నడిపేవాళ్ళకి కూడా తట్టని దారి.

ముందే చెబుతున్నా, నేను మతం మీద రాళ్ళేసే బాపతు కాదు. పుట్టింది మిషన్ కాంపౌండు గోడ పక్కన. అక్షరాలు దిద్దింది మిషన్ బడిలో. ఇప్పటికీ ఆదివారం గుడి ఎగ్గొడితే మా ఆవిడ అన్నం పెట్టదు. నా గొడవ సువార్తతో కాదు, టూరు ప్యాకేజీతో.

"ఊరికే పంపించట్లేదు మావయ్యా, ట్రైనింగ్ కూడా ఇస్తున్నారు" అని మా మేనకోడలు ఫోన్‌లో మురిసిపోయింది. ఏం ట్రైనింగమ్మా అన్నాను. స్థానికులతో ఎలా మెలగాలో నేర్పుతారట. వాళ్ళింటికి వెళ్తే కింద కూర్చోమంటే కింద కూర్చోవాలి. పెట్టింది తినాలి, మొహం చిట్లించకూడదు. మాట్లాడుతున్నప్పుడు ఫోన్ చూసుకోకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళ బాగోగులు అడగాలి. ఇదంతా స్లైడ్లు వేసి చెబుతున్నారట. మా చిన్నప్పుడు ఈ సిలబస్ మొత్తం మా నాయనమ్మ ఒక్క మొట్టికాయతో పూర్తిచేసేది.

మొన్న క్రిస్మస్‌కి ఈ కుర్రాడే చీరాలలో వాళ్ళ నాయనమ్మని చూడ్డానికి వచ్చాడు. రాత్రి పడక విజయవాడ హోటల్లో. పగలు వచ్చినప్పుడు ప్లాస్టిక్ కుర్చీ తుడిచి కూర్చోబెట్టారు. పాపం, ముసలావిడ తెల్లారుజామునే లేచి వండిన చేపల పులుసుకి తల అడ్డంగా ఊపి, సంచిలోంచి గ్రనోలా బార్ తీసుకున్నాడు. ఆవిడ "ఏం చదువుతున్నావు నాన్నా?" అంటే వాడు తల్లి వంక చూశాడు. "వాడికి తెలుగు రాదత్తయ్యా" అంది మా మేనకోడలు, వాడికి బంగారు పతకం వచ్చిందన్నంత ధీమాగా. పిల్లాణ్ణి అనను. వాడు మంచివాడే, చెబితే వింటాడు. చెప్పేవాళ్ళే లేరు. స్లైడ్లు వేసి మరీ చెప్పేది హోండూరాస్ ముసలమ్మ కోసం. చీరాల ముసలమ్మకి ట్రైనింగ్ అక్కర్లేదు, ఫొటో బాగా పడదు కాబట్టి.

మా మేనకోడలు షెడ్యూలు కూడా పంపింది. చదివితే కళ్ళు తిరుగుతాయి. పొద్దున్నే ధ్యానం. తర్వాత కట్టడం పని. భోజనం అయ్యాక పిల్లల మొహాలకి రంగులు పూయడం. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా స్థానికులతో సంబంధాలు ఏర్పరచుకొనుట. ఆరింటికి డిన్నర్, బ్రాకెట్లో టీమ్ మాత్రమే. అంటే ఐదున్నరకల్లా ఏర్పడిపోయిన సంబంధం ఆరింటికి బంతిలో కూర్చోడానికి పనికిరాదు. చివరి రెండు రోజులూ రోఆటాన్ ద్వీపంలో విశ్రాంతి, ఆత్మపరిశీలన. ఆ ఆత్మపరిశీలన కళ్ళద్దాలూ గొట్టమూ పెట్టుకుని పగడపు దిబ్బల మధ్య నీళ్ళలో జరుగుతుంది.

టీ షర్టుల మీద రాసిన వాక్యాల సంగతి వదిలేద్దాం. మాటల్లేని నాటికలూ వదిలేద్దాం. నా ప్రాణం తోడేస్తున్నది ఆ ఇల్లు కట్టడం.

ఆమధ్య నేను ఫ్రిస్కోలో ఉన్నప్పుడు వడగళ్ళ వాన పడింది. టెక్సాస్ వడగళ్ళు మన పిల్లలు ఏరుకుని నోట్లో వేసుకునే రకం కాదు, కార్ల అద్దాలు పగిలాయి. ఇన్సూరెన్స్ మనిషి ఇంటి కప్పెక్కి, దెబ్బతిన్న షింగిల్స్ చుట్టూ సుద్దముక్కతో సున్నాలు చుట్టి, కొత్త కప్పుకి డబ్బు మంజూరు చేశాడు. ఓ రోజు తెల్లవారకముందే ట్రక్కు వచ్చి ఆగింది. ఏడెనిమిది మంది దిగారు. వెలుగు వచ్చేసరికి సగం కప్పు పీకేశారు. షింగిల్స్ కట్ట భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కుతుంటే, కింద నిలబడ్డ నాకు నడుం పట్టేసింది. మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరుగుతోంది. మా మేనకోడలు కిటికీ తెరలు దించేసి, "బయటికి వెళ్ళకు మావయ్యా, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు" అంది.

నేను వెళ్ళాను. గ్యారేజీ నీడలో కూర్చుని గోధుమ రొట్టెల్లో చిక్కుడు గింజల ముద్ద పెట్టి మడుచుకుని తింటున్నారు. వాళ్ళలో పెద్దాయన నన్ను చూసి "ఇండియా?" అన్నాడు. అవునని, నువ్వెక్కడివాడివని సైగ చేశాను. "ఒండూరాస్" అన్నాడు. నా చేతిలో ఓ రొట్టె పెట్టాడు. బలేయాదా అంటారట దాన్ని. రుచిగా ఉంది. ఇంకోటి అడగడానికి మొహమాటపడ్డాను కానీ వాళ్ళు అడక్కుండానే పెట్టారు. స్లైడ్లూ, షెడ్యూలూ ఏమీ లేవు.

పొద్దు వాలేసరికి కప్పు పూర్తయింది. ట్రక్కు ఎక్కేముందు అందరికంటే చిన్న కుర్రాడు, మావాడికంటే ఓ రెండేళ్ళు పెద్దవాడేమో, చక్రాలున్న అయస్కాంతపు బద్దని ఇంటి చుట్టూ గడ్డిలో అంగుళం వదలకుండా దొర్లించాడు. దానికి పాత మేకులు అతుక్కుంటున్నాయి. ఆగి, మేకుల్ని డబ్బాలో రాల్చి, మళ్ళీ దొర్లిస్తున్నాడు. ఆ ఇంటి పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటే పాదంలో గుచ్చుకోకూడదని. ఆ ఇంటి పిల్లాడు ఆ సమయంలో మేడ మీద గదిలో, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, తెర మీద ఎవర్నో కాలుస్తున్నాడు. ఒక్క గ్లాసు మంచినీళ్ళు పట్టుకుని కిందికి దిగలేదు. దిగమని ఎవరూ అనలేదు.

ఇప్పుడా పిల్లాడు హోండూరాస్ వాళ్ళకి కప్పు వెయ్యడానికి వెళ్తున్నాడు.

ఇందులోని వింత మీకూ నాకూ కనబడుతోంది కదా, మరి పాస్టరు గారికి ఎందుకు కనబడదు? కప్పు వెయ్యడంలో ఆరితేరిన జనం దేశం వదిలి వచ్చి మన ఇంటి నెత్తిన నిలబడితే బ్లైండ్స్ దించేస్తాం. వాళ్ళని ప్రేమించడానికి మాత్రం రెండు వేల ఎనిమిది వందల డాలర్లు పోసి, సుత్తి ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని పిల్లల్ని పంపుతాం. వీడికి బల్బు మార్చడం రాదు. సైకిలు చైను ఊడితే వాళ్ళ నాన్న వర్క్ ఫ్రం హోం ఆపి రావాలి. ఆ చేతులు కొట్టిన మేకు కింద కాపురం ఉండబోయేది ఎవరో, ఆ తల్లి మీద నాకు నిజంగా జాలి.

హోండూరాస్‌లో తాపీ మేస్త్రులు లేరా? సిమెంటు దొరకదా? 1998లో మిచ్ తుపాను ఆ దేశాన్ని తుడిచిపెట్టినప్పుడు అమెరికా చర్చిల నుంచి ఇళ్ళు కట్టే బృందాలు గుంపులు గుంపులుగా దిగాయి. ఆ దేశంలోనే ఏళ్ళ తరబడి కాపురమున్న కర్ట్ వెర్ బీక్ అనే కాల్విన్ కాలేజీ ఆచార్యుడు తర్వాత కూర్చుని లెక్క తీశాడు. ఆయనా క్రైస్తవుడే, కాలేజీ కూడా క్రైస్తవ కాలేజీయే, కనుక విరోధి రాతలని కొట్టిపారేయలేరు. స్థానిక సంస్థ ఒక ఇల్లు కడితే సుమారు 2,000 డాలర్లు. అదే ఇంటికి అమెరికా బృందం విమానం టిక్కెట్లతో సహా పెట్టింది సుమారు 30,000. ఒక ఇంటి దగ్గర పదిహేను ఇళ్ళు. పోనీ, డబ్బు పోతే పోయింది, ప్రేమ మిగిలిందా అంటే, బృందాలు కట్టిన ఇళ్ళలో ఉన్నవాళ్ళకీ, స్థానికులు కట్టిన ఇళ్ళలో ఉన్నవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదట. వెళ్ళొచ్చినవాళ్ళ జీవితాల్లోనూ అంతే, అయ్యో అనుకున్నంత సేపు పట్టలేదు మామూలైపోవడానికి. ఈ సంగతి 2006 నుంచీ అచ్చులో ఉంది. చదివిన పాస్టర్లూ ఉన్నారు. చదివి, మరుసటి వేసవికి బుకింగ్ తెరిచారు. అమెరికా నుంచి ఏటా పదహారు లక్షల మంది దాకా ఇలా దేశాలు పట్టిపోతున్నారని రాబర్ట్ వుత్నో అనే సమాజశాస్త్రజ్ఞుడు అంచనా కట్టాడు. ఒక్కొక్కరి విమానం టిక్కెట్టు వేసుకుని మీరే గుణించుకోండి, నా దగ్గరున్న కాలిక్యులేటరు చాలదు.

మన ఊళ్ళోనే అనుకోండి. పొద్దున ఆరింటికి ఒంగోలు అడ్డా మీద తాపీ మేస్త్రులూ, రంగులేసేవాళ్ళూ క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉంటారు. అప్పుడు ఏ దేశం నుంచో పదిహేనుమంది పిల్లలు ఒకే రంగు టీ షర్టుల్లో దిగి, "జరగండి, మీ మీద ప్రేమతో ఇవ్వాళ గోడ మేం కడతాం, మీరు పక్కన నిలబడి మాతో ఫొటో దిగండి" అన్నారనుకోండి. మా మేస్త్రి ఏమంటాడో రాస్తే ఈ పత్రిక వాళ్ళు వేసుకోరు.

ఒంగోలు మాట వచ్చింది కనుక ఇక్కడి దొర సంగతీ చెప్పాలి. ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే మిషనరీ డాక్టర్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు పట్టాడు. తను పార పట్టుకుని ఫొటో దిగడానికి కాదు, మాదిగపల్లెల జనానికి పని దొరకడానికి, ఆ పనికి కూలి సరిగ్గా ముట్టడానికి. కరువు సాయం జరుగుతున్నన్నాళ్ళూ కొత్తగా బాప్తిస్మాలు కూడా ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అప్పటికి ఆయన ఒంగోలు వచ్చి పదేళ్ళు దాటింది. దొరలంతా దేవదూతలని నేననను, వాళ్ళ బంగళాల లోపలికి మనవాళ్ళకి ఎంతవరకు ప్రవేశం ఉండేదో మా తాతలు చెప్పగా విన్నాను. అయినా ఆ మనిషి ఇతరులకి పని కల్పించాడు. వీళ్ళు ఉన్న పని లాక్కుని దానికి సేవ అని పేరు పెడుతున్నారు.

1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండే స్కూల్లో మాచేత వల్లె వేయించేవారు. నీళ్ళలో దిగి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులు. అంతకు ముందు పన్నెండేళ్ళు పల్లె పల్లెకీ కాలినడకన తిరిగినవాడు తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారి. ఆయన ఎవరితోనూ కనెక్ట్ కాలేదు. ఆయన వాళ్ళవాడే.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీలందరి ముందూ లేచి నిలబడి, మీ డబ్బూ త్యాగమూ చూశాం, మాక్కావలసింది స్నేహితులు అని మొహమాటం లేకుండా అడిగినవాడు అజరయ్య. మిషనరీలు మనవాళ్ళని తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోరన్నదే ఆయన బాధ. ఆయనా పరాయి భాషవాడే, తిరునల్వేలి తమిళుడు. దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, అక్కడే బిషప్పయి, 1945లో అక్కడే పోయాడు. గుంటూరుకి 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్ కుగ్లరమ్మ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. నూట పదహారేళ్ళయింది అజరయ్య అడిగి. ఇంకా బ్రాకెట్లో "టీమ్ మాత్రమే".

ఇక నవ్వు రావట్లేదు నాకు.

ఎందుకంటే మిచ్ తుపాను తర్వాత, 1999 జనవరిలో, అమెరికాలో ఉన్న హోండూరాస్ వాళ్ళకి ప్రభుత్వం తాత్కాలిక రక్షణ ఇచ్చింది, వెనక్కి పంపం, పని చేసుకోండి అని. పాతికేళ్ళకి పైగా ఆ కాగితం మీద బతికినవాళ్ళున్నారు. కప్పులు వేశారు, పిల్లల్ని కన్నారు, పన్నులు కట్టారు. 2025 జులైలో దాన్ని ఎత్తేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఆదివారం మీ సంఘంలో దాని మీద ఒక్క ప్రార్థన జరిగిందా? మా మేనకోడల్ని అడిగాను. జరగలేదట. "అది పాలిటిక్స్ మావయ్యా" అంది. మరి అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీలకి లక్ష డాలర్లన్నారు కదమ్మా, అప్పుడేం చేశారు? ఉపవాస ప్రార్థన, రాత్రంతా. అది పాలిటిక్స్ కాదు కాబోలు.

మన వీసా దేవుడి సమస్య, వాడి వీసా రాజకీయం. మనింటి కప్పు ఎక్కినప్పుడు వాడు కూలీ. వాణ్ణి విమానం ఎక్కించి తిరగ్గొట్టాక, అక్కడికి మనం మరో విమానంలో వెళ్తే వాడు "స్థానికుడు". అప్పుడు వాడి మీద ప్రేమ పొంగుకొస్తుంది. సిగ్గుండాలి. ఫ్రిస్కోలో గడ్డి కోసేవాడూ, హోటల్లో గిన్నెలు కడిగేవాడూ, మీ పిల్లల బడిలో నేల తుడిచే ఆవిడా హోండూరాస్ నుంచో గ్వాటెమాలా నుంచో వచ్చినవాళ్ళే కావచ్చు. వాళ్ళకీ చర్చిలున్నాయి, మీ ఇంటికి పది నిమిషాల దూరంలో. ఒక్క ఆదివారం వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. పాస్‌పోర్టు అడగరు, డిన్నర్ అందరికీ పెడతారు. కానీ అది కాలేజీ దరఖాస్తు వ్యాసంలో రాయడానికి పనికిరాదు. మిషన్ ట్రిప్ పనికొస్తుంది. పదకొండో తరగతి వేసవిలోనే పిల్లలందరికీ పిలుపు వినబడడం వెనక మర్మం అదే.

ఫొటోల గురించి ఒక్క మాట. మా మేనకోడలి పిల్లల ఫొటో బడి పత్రికలో వెయ్యాలంటే తల్లిదండ్రుల సంతకంతో ఫారం కావాలి. హోండూరాస్ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని లోకమంతా పంచడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఈ మమకారం ముదిరితే ఎక్కడికి పోతుందో 2010లో హైతీలో చూశాం. భూకంపం తర్వాత అమెరికా నుంచి వెళ్ళిన పదిమంది బాప్టిస్టులు 33 మంది "అనాథల్ని" సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. తీరా చూస్తే ఆ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు.

"అయినా పిల్లల మనసు మారుతుంది కదా" అంటారు. మారనీ. పిల్లలకి లోకం చూపించడం మంచిదే. మీ డబ్బుతో చూపించండి, విహారయాత్ర అని పేరు పెట్టండి, అక్కడ హోటలు అద్దె కట్టండి, గైడుకి కూలి ఇవ్వండి, మేస్త్రి పని మేస్త్రికి వదలండి. ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ ఫాదరీ 1968లోనే మెక్సికోలో అమెరికన్ విద్యార్థుల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇంచుమించు ఇదే చెప్పాడు, నాకంటే ఘాటుగా. చూడ్డానికి రండి, చదువుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దు అని. ఆ పిల్లలు బాగా చప్పట్లు కొట్టారో లేదో కానీ, వాళ్ళ మనవలు ఇప్పుడు సపోర్ట్ లెటర్లు రాస్తున్నారు.

తిరిగొచ్చాక జరిగే సాక్ష్యాల ఆదివారం మరీ ఘోరం. నిరుటి బృందం సాక్ష్యాల వీడియో కూడా నాకు పంపారు, ప్రేరేపణ కోసం. తొమ్మిదిమంది పిల్లలు వరసగా మైకు దగ్గరికి వచ్చారు. తొమ్మిదిమందీ ఒకే మాట: వాళ్ళకి ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో! ముందు వరసలో తల్లులు కళ్ళు ఒత్తుకున్నారు. పేదరికంలో అంత సంతోషం ఉంటే ఆ పెద్దాయన గ్యారేజీ నీడలో రొట్టె తినడానికి ఎడారులు దాటి ఎందుకు వచ్చినట్టు? ఆయన సంతోషం తట్టుకోలేక పారిపోయి వచ్చాడా? ఇంటికొచ్చిన అతిథి ముందు ఏడుస్తూ కూర్చోకూడదన్న మర్యాద ఆ జనానికి ఉంది. దాన్ని మనవాళ్ళు పట్టుకొచ్చి, "లేమిలో ఆనందం" అని స్లైడు చేశారు.

వీడియో చివర పాస్టరు గారు వచ్చి అందరికీ వందనాలు చెప్పి, ఈ ఏడు హోండూరాస్, వచ్చే ఏడు కెన్యా అని ప్రకటించారు. సఫారీ కలిపి నాలుగు వేల రెండు వందల డాలర్లు. ముందుగా కట్టినవాళ్ళకి టీ షర్టు ఉచితం.